నీళ్లకుండలో హింస: కొత్త అక్వేరియంలో చేపల మరణం గురించి ఒక ధర్మవిచారం

గోదావరి కుడిగట్టున భద్రాచలానికి ఎదురుగా ఉన్న సారపాకలోనైనా, వంతెనకు అవతల రామాలయం చుట్టూ ఉన్న వీధుల్లోనైనా, ఇంట్లో కొత్తగా అమర్చిన అక్వేరియంలోని చేపలు తరచు మొదటి నెల దాటకుండానే చనిపోతాయి. అదీ నీళ్లు తేటగా ఉన్నప్పుడు, మేతకు లోటు లేనప్పుడు, పిల్లి గానీ కొంగ గానీ దరిచేరలేని చోట చనిపోతాయి. వాటిని చంపాలన్న కోరిక ఆ ఇంట్లో ఎవరికీ ఉండదు, పైగా ముచ్చటపడి తెచ్చుకున్నవే అవి. అయినా ఒక ప్రాణి పోయింది, ఆ ప్రాణిని దాని నీటి నుంచి వేరుచేసి నాలుగు అద్దాల మధ్య పెట్టినది మనిషి. ఈ చావుకు కర్త ఎవరు, ఇది హింస కిందికి వస్తుందా, వస్తే ఎటువంటి హింస అన్న ప్రశ్న చేప పరిమాణాన్ని బట్టి చిన్నదిగా తోచవచ్చు గానీ, తలపెట్టని హింసకు దోషం ఉందా లేదా అన్నది ఈ దేశపు ధర్మచింతన రెండు వేల ఏళ్లకు పైగా వాదించుకుంటూ వచ్చిన విషయం. ఆ వాదంలోకి వెళ్లే ముందు తొట్టిలో నిజంగా ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలి, ఎందుకంటే కారణం తెలియకుండా కర్తను నిర్ణయించడం అన్యాయం.

చేపకు మొప్పలు ఊపిరి పీల్చే అవయవాలు మాత్రమే కావు. తిన్న మేతలోని మాంసకృత్తులు ఒంట్లో విరిగినప్పుడు పుట్టే నత్రజని వ్యర్థాన్ని చేప చాలావరకు ఆ మొప్పల గుండానే అమ్మోనియాగా నీటిలోకి వదులుతుంది. దీనికి అడుగున పేరుకున్న రెట్ట, తినకుండా మిగిలిన మేత, కుళ్లుతున్న ఆకు తోడై అమ్మోనియాను ఇంకా పెంచుతాయి. ఇది నీటికి రంగు తేదు, చేపను చంపగల మోతాదులో సైతం మనిషి ముక్కుకు అందదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది: ఒకటి విద్యుదావేశం గల అమ్మోనియం, దీని విషం తక్కువ, రెండవది ఆవేశం లేని అమ్మోనియా, ఇది మొప్పల పొరలను సులువుగా దాటి రక్తంలోకి చేరుతుంది. ఏ రూపం ఎంత ఉంటుందన్నది నీటి ఆమ్ల క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం 1 శాతానికి లోపే ఉంటే, పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది, 9 దగ్గర మూడో వంతుకు మించుతుంది. కాబట్టి క్షారగుణం గల బోరు నీటిలో, 45 డిగ్రీల ఎండకు గోడలు కాగే భద్రాచలం ప్రాంతపు వేసవిలో, అదే చేప అదే మేత తిన్నా ప్రమాదం ఎక్కువ. పైగా వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే నిలుస్తాయి. చేప నీటి పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేయడం, రెక్కలు ఒంటికి అంటించుకుని మూలన నిలవడం, మొప్పలు ఎర్రబారడం ఈ విషానికి గుర్తులు.

నదిలో, చెరువులో కూడా చేపలు ఇదే అమ్మోనియాను వదులుతాయి, అయినా అక్కడ అది పేరుకుపోదు. ప్రతి గులకరాయి మీద, నాచుపోగు మీద, ఇసుక రేణువు మీద పట్టి ఉన్న జిగురు పొరలో కొన్ని జాతుల బాక్టీరియా ఆ అమ్మోనియానే ఆహారంగా బతుకుతాయి. నైట్రోసోమోనాస్ వంటివి దాన్ని ప్రాణవాయువుతో కలిపి నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చాలా తక్కువ హాని గలది, మొక్కలకు ఎరువు, నీళ్లు మార్చినప్పుడు కొంత బయటికి పోతుంది. ఈ మొత్తం పనిని నత్రీకరణం అంటారు. కొత్త తొట్టిలో అద్దం కొత్తది, ఫిల్టర్‌లోని స్పాంజి కొత్తది, కడిగి పరచిన రాళ్లు కొత్తవి. ఈ జీవులు అక్కడ ఇంకా లేవు, ఉన్నా లెక్కకు రానంత కొద్దిగా ఉంటాయి. అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే బాక్టీరియాలు లోకంలో ఉన్నాయి గానీ, నత్రీకరణం చేసేవి రెట్టింపు కావడానికి పూటకు పైగా, తరచు రోజుకు పైగా పడుతుంది. అందుకే తొట్టిలో మొదటి వారంలో అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది, రెండూ అణగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలోని ఎర్రదనాన్నిచ్చే పదార్థాన్ని ప్రాణవాయువును మోయలేని రూపానికి మార్చి, రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి, గాలి పంపు బుడగలు పోస్తున్న నీటిలోనే చేపకు ఊపిరాడకుండా చేస్తుంది. అమ్మోనియాను తట్టుకుని నిలిచిన చేప పది పదిహేను రోజులకు హఠాత్తుగా పోవడానికి చాలాసార్లు ఇదే కారణం. కుళాయి నీటిలోని క్లోరిన్ తీయకపోవడం, సంచిలోని నీటి వేడికీ తొట్టి నీటి వేడికీ ఉన్న తేడా చూడకుండా చేపను వదలడం వంటి కారణాల వల్ల కలిగే చావులు వేరు. అవి మొదటి పూటే తెలుస్తాయి, వాటికి కారణమేదో ఎవరైనా పోల్చుకోగలరు.

ఈ సంగతి మనుషులకు తెలిసి ఎంతో కాలం కాలేదు. 1850లో లండన్ రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గాజుపాత్రలో గోల్డ్ ఫిష్‌ను, నీటి మొక్కలను, కుళ్లిన ఆకులను తినే నత్తలను కలిపి ఉంచి, ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆధారమయ్యే సమతూకాన్ని చూపించాడు. అమ్మోనియాను ఎవరు మారుస్తారన్నది మాత్రం ఆయనకు తెలియదు. 1877లో పారిస్‌లో ష్లోజింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోకి మురుగునీటిని మెల్లగా వదిలి చూశారు. ఇరవై రోజుల పాటు అమ్మోనియా ఎలా లోపలికి వెళ్లిందో అలాగే బయటికి వచ్చింది, ఆ తరువాత నైట్రేట్ కనిపించడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి సోకించగానే ఆ మార్పు ఆగిపోయింది, మట్టి కలిపిన నీరు కొద్దిగా పోయగానే కొంతకాలానికి మళ్లీ సాగింది. ఇసుకలో పని చేస్తున్నది రసాయనం కాదు, ప్రాణం అని దానితో తేలింది. అది రెండు అంచెల పని అని ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో చూపించినవాడు ఆ వారింగ్టన్ కొడుకే కావడం చరిత్రలోని ఒక చక్కని సంగతి: తండ్రి గాజుపాత్రలో మిగిలిపోయిన ఖాళీని కొడుకు పూరించాడు. ఆ జీవులను వేరుచేసి, అవి సేంద్రియ ఆహారమేదీ లేకుండా అమ్మోనియా దహనం వల్ల వచ్చే శక్తితోనే బతుకుతాయని 1890 ప్రాంతంలో నిరూపించినవాడు రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ.

సారపాకకు బాక్టీరియాల పని ఒక విధంగా పరిచితమైనదే. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితపు అట్టల మిల్లు చుట్టూ పెరిగిన ఊరు ఇది. కాగితం పరిశ్రమలో ఎక్కడైనా మురుగునీటిని శుద్ధిచేసే పెద్ద తొట్లలో అసలు పనివాళ్లు బాక్టీరియాలే. ఆ మురుగులో నత్రజని, భాస్వరం తక్కువ కాబట్టి వాటి కోసం యూరియా, డీఏపీ వేసి మరీ ఆ జీవులను పోషిస్తారు. కొత్త తొట్టిని నడిపేటప్పుడు పాత తొట్టిలోని బురదను తెచ్చి కలుపుతారు. పాలను పెరుగు చేయడానికి నిన్నటి పెరుగును తోడు వేసే ఇల్లాలు చేసేదీ ఇదే పని. కొత్త అక్వేరియంలో ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఫిల్టర్‌లోని స్పాంజి ముక్కను ఉంచితే నెల పట్టేది కొద్ది రోజుల్లో సమకూరుతుంది. ఇంత సులువైన ఉపాయం ఉండగా చేపలు చనిపోతున్నాయంటే అక్కడ లోపించింది దయ కాదు, ఎరుక అని స్పష్టమవుతున్నది.

తెలుసుకోవడానికి అడ్డుపడేది ముఖ్యంగా కాలవ్యవధి. సోమవారం తొట్టి నింపితే చేప ఆ సోమవారం చావదు. హాయిగా ఈదుతుంది, మేతకు ఎగబడుతుంది, ఇంటివారికి నమ్మకం కుదురుతుంది. పనికీ ఫలానికీ మధ్య రోజులు గడిచినప్పుడు ఆ రెంటినీ కలిపేది ఏది అన్న ప్రశ్న వేదకర్మలను విచారించిన మీమాంసకులను చాలా కాలం పట్టి ఉంచింది. యజ్ఞం ఇవాళ ముగిసిపోతుంది, దాని ఫలం ఎప్పుడో వస్తుంది. ముగిసిపోయిన క్రియ తాను లేని కాలంలో ఫలాన్ని ఎలా ఇస్తుంది? మధ్యలో కంటికి కనిపించనిది ఏదో నిలిచి ఉండాలని వారు ఊహించి, దానికి అపూర్వం అని పేరు పెట్టారు. వేదకర్మల విషయంలో ఆ ఊహను ఒప్పుకోవచ్చు, మానవచ్చు. తొట్టి విషయంలో మాత్రం ఆ ఆలోచనారీతి అక్షరాలా సరిపోతుంది. ఇక్కడా క్రియ ముగిసింది, ఫలం తరువాత వచ్చింది, మధ్యకాలంలో నీటిలో కరిగి కనిపించకుండా నిలిచి ఉన్నది అమ్మోనియా. తేడా ఒక్కటే: దీన్ని ఊహించుకోనక్కరలేదు, అక్వేరియం దుకాణాల్లో దొరికే చుక్కలమందు గాజుగొట్టంలో వేసి, రంగు చూసి కొలవవచ్చు.

కొలవని చోట ఇతర కారణాలు వచ్చి కూర్చుంటాయి. ఎవరి దిష్టో తగిలిందంటారు, తొట్టి పెట్టిన దిక్కు మంచిది కాదంటారు, అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, ఇంటికి రావలసిన కీడును చేప తన మీద వేసుకుని పోయిందన్న మాట. కార్యానికి ముందు ఉన్నదల్లా కారణం కాదని, కుండ చేయడానికి మట్టి మోసిన గాడిద కుండకు ముందే ఉన్నా కుండకు కారణం కాదని తర్కం చెప్పే నైయాయికులు హెచ్చరించారు. అలా ముందుండి కూడా కారణం కానిదాన్ని అన్యథాసిద్ధం అన్నారు. ఆంధ్రదేశీయుడిగా సంప్రదాయం చెప్పుకునే అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టే విద్యార్థి తొలినాళ్లలోనే నేర్చుకునే వివేకం ఇది. చుట్టం వచ్చి చేపను మెచ్చుకోవడం చావుకు ముందు జరిగింది నిజమే. అది ఆ గాడిద వంటిది.

కీడు మోసుకుపోయిందన్న నమ్మకాన్ని ఇంకాస్త గట్టిగా ప్రశ్నించాలి, ఎందుకంటే అది దుఃఖానికి ఊరటగా కనిపిస్తూనే రెండు అపచారాలు చేస్తుంది. మొదటిది, చనిపోయిన ప్రాణిని ఇంటి మేలు కోసం వాడుకున్న వస్తువుగా మార్చి, ఆ చావును లాభం ఖాతాలో వేస్తుంది. రెండవది, విచారణను అక్కడితో ఆపేస్తుంది. అదే రంగు చేపను మళ్లీ తెచ్చి అదే నీటిలో వదలమంటుంది, ఆ రెండవ చేప కూడా చనిపోతే నమ్మకం ఇంకా బలపడుతుంది. ఆయువు తీరిందనడం, దాని కర్మ అంతేననడం కూడా ఈ సందర్భంలో ఇటువంటివే. కర్మసిద్ధాంతాన్ని శ్రద్ధగా చెప్పిన ఏ సంప్రదాయమూ ఎదుటి ప్రాణి కర్మను తన బాధ్యత నుంచి తప్పించుకునే దారిగా చూపలేదు. ప్రతివాడూ తన కర్మను చూసుకోవాలన్నదే దాని ఉద్దేశం.

హింస ప్రశ్నకు వస్తే, గృహస్థు ఇంట్లో ఐదు వధస్థానాలు ఉంటాయని మనుస్మృతి మూడవ అధ్యాయం చెబుతుంది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటిని పంచసూనలు అంటారు. నిప్పులో, రాళ్ల మధ్య, ఊడ్పులో, దంపులో చిన్న ప్రాణులు చనిపోతాయన్నది చూడగానే అర్థమవుతుంది. నీళ్లకుండను ఆ జాబితాలో చేర్చడానికి మాత్రం నిశితమైన చూపు కావాలి. కదలకుండా, కోత లేకుండా, వేడి లేకుండా, చల్లగా మూలన ఉన్న కుండ కూడా చంపుతుందని గుర్తించిన ఆ చూపు అక్వేరియం ఉన్న ఇంటికి సరిగ్గా వర్తిస్తుంది. ఈ ఐదు చోట్ల జరిగే హింసకు పరిహారంగా గృహస్థు రోజూ చేయవలసిన ఐదు మహాయజ్ఞాలను స్మృతి విధించింది. వాటిలో భూతయజ్ఞం అంటే తోటి ప్రాణులకు ఆహారభాగం తీసి ఉంచడం. ఇక్కడ గమనించవలసింది, తెలియక జరిగిందన్న కారణంతో స్మృతి ఆ హింసను కొట్టివేయలేదు, అలాగని గృహస్థును హంతకుడనీ అనలేదు. బతకడంలోనే హింస ఉన్నదని ఒప్పుకుని, దానికి బదులుగా రోజువారీ పనిని అప్పగించింది.

తలపెట్టని హింస బరువెంత అన్న ప్రశ్న మీద బౌద్ధులకూ జైనులకూ మధ్య జరిగిన వాదం ఇంకా లోతైనది. పాళీ త్రిపిటకంలోని ఉపాలి సుత్తంలో నిర్గ్రంథుల, అంటే జైనుల పక్షం శరీరంతో చేసినదే అన్నిటికంటే పెద్ద పాపమంటుంది, బుద్ధుడు మనసుతో చేసినదే పెద్దదంటాడు. బౌద్ధంలో కర్మ అంటే చేతన, అంటే ఉద్దేశపూర్వకమైన సంకల్పం. సంకల్పం లేని చోట పాపం పలచబడుతుంది. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో స్తూపం కట్టిన బౌద్ధసంఘపు భిక్షువులు ఈ సిద్ధాంతాన్ని నమ్మినవారే. అయితే అదే సంఘపు నడవడి నియమాలైన వినయనియమాలు భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది వస్తువులలో నీటి వడపోత గుడ్డను కూడా చేర్చి, ప్రాణులున్నాయని తెలిసిన నీటిని వాడరాదన్నాయి. సంకల్పమే ముఖ్యమన్నవారు సైతం తెలుసుకునే పనిముట్టును భిక్షువు చేతికిచ్చారు.

జైనుల సమాధానాన్ని కేవలం శరీరక్రియకు కుదించడం సబబు కాదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచిస్తూ, ప్రాణం తీయడం అని ఊరుకోకుండా అజాగ్రత్త వల్ల ప్రాణం తీయడం అన్నాడు. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ విషయాన్ని చివరంటా తీసుకువెళ్లాడు: ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా మెలగేవాడికి ప్రాణి చచ్చినా బతికినా హింసాదోషం నిశ్చయమే, జాగ్రత్తతో మెలగేవాడికి ప్రాణి చనిపోయినంత మాత్రాన బంధం లేదు. దోషాన్ని శవం దగ్గర వెతకకుండా, నడక తీరులో వెతకమన్న ఈ మాట హింసావిచారంలో అన్నిటికంటే న్యాయమైన కొలమానం అనిపిస్తుంది. అది నిర్దోషిని కాపాడుతుంది, అదృష్టవశాత్తు చేప బతికిపోయిన అజాగ్రత్తపరుణ్ణి వదలదు. నీటిని వడపోసిన తరువాత గుడ్డలో మిగిలిన సూక్ష్మప్రాణులను అదే బావిలోకి, అదే వాగులోకి తిరిగి చేర్చే జైన గృహస్థుల ఆచారం వెనుక ఉన్నది ఈ జాగ్రత్తే. ప్రాణిని బతికించడమంటే దానికి సరిపడే నీటిలో ఉంచడమని వారు ఆచరణలో చూపించారు.

ఈ కొలమానాన్ని తొట్టికి పట్టి చూస్తే ఒకే ఇంట్లో జరిగిన చావులు కూడా అన్నీ ఒకటి కావని తెలుస్తుంది. నత్రీకరణం అన్న మాట ఎన్నడూ వినని మనిషి, తొట్టి అమ్మినవాడు ఇవాళే చేపలు వేసుకోవచ్చని చెప్పగా నమ్మి తెచ్చిన మొదటి చేప చనిపోతే, అతని వంతు దోషం స్వల్పం. చెప్పవలసినది తెలిసి కూడా చెప్పకుండా అమ్మినవాడి వంతు అంతకంటే ఎక్కువ. మొదటి చేప పోయాక కారణం అడగకుండా రెండవ చేప తెచ్చినప్పుడు బరువు పెరుగుతుంది, ఎందుకంటే మొదటి చావు ఒక ప్రశ్నను అతని ముందు పెట్టింది, అతడు దాన్ని దాటవేశాడు. కారణం తెలిసి, నెల ఆగడం విసుగనిపించి, పోతే మళ్లీ కొనవచ్చులే అనుకున్నవాడి విషయంలో బౌద్ధుల కొలతకూ జైనుల కొలతకూ తేడా ఉండదు. అక్కడ అజాగ్రత్త సంకల్పంగా మారింది. చేప వెల పదో ఇరవయ్యో రూపాయలు కావడం ఈ చివరి మెట్టుకు దారి తీస్తున్నది. వెల తక్కువ కావడం వల్ల ప్రాణం తక్కువదన్న భావం చాలామందిలో మాట రూపంలో లేకపోయినా నడవడిలో ఉంది, అది బాధపడవలసిన విషయం.

మంచితనం నుంచే పుట్టే మరో తప్పు ఉంది. చేప నీరసించిందని చూడగానే తొట్టిలోని నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, స్పాంజిని కుళాయి కింద పిండి, మళ్లీ కొత్త నీళ్లు నింపుతారు. శుచి పట్ల ఉన్న ఆదరమే ఆ పని చేయిస్తుంది. అయితే అప్పుడప్పుడే కుదురుకుంటున్న సూక్ష్మజీవుల పొర ఆ తోముడుకు, ఆ క్లోరిన్‌కు పోతుంది, నెలరోజుల నిరీక్షణ మళ్లీ మొదటికి వస్తుంది. మరకలేనిది శుద్ధమైనదన్న భావన గిన్నెకు సరిపోతుంది, ప్రాణి ఉండే నీటికి సరిపోదు. ఎదురుగా పారుతున్న గోదావరి వరదకాలంలో ఎర్రగా, బురదగా ఉన్నా దాన్ని పావనమని నమ్మి స్నానమాడే ఊరివాళ్లకు ఈ తేడా గ్రహించడం కష్టం కాకూడదు. తొట్టిలో నీటిని కొంత భాగం మాత్రమే, నాలుగో వంతు వరకు మార్చడం, స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీటిలోనే జాడించడం, కొత్త నీటిలో క్లోరిన్ విరిచే మందు వేయడం, ఇవి శుచిని వదులుకోవడం కాదు, ఆ నీటికి తగిన శుచిని పాటించడం.

చేపను పాత్రలో పెట్టి కాపాడవలసి రావడం ఈ దేశపు కథల్లో అతి ప్రాచీనమైన ఘట్టాల్లో ఒకటి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కునే నీటిలో చిన్న చేప కనిపించి, నన్ను పెంచు, నిన్ను కాపాడతానంటుంది. అతడు దాన్ని మొదట కుండలో, పెరిగాక గుంటలో, ఇంకా పెరిగాక సముద్రంలో ఉంచుతాడు. పోతన భాగవతం ద్వారా తెలుగువారికి బాగా తెలిసిన కథలో ద్రవిడదేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా దోసిట్లోకి చేపపిల్ల వస్తుంది. అతడు దాన్ని నదిలోకే వదలబోతే, పెద్ద చేపలు తింటాయని అది మొరపెట్టుకుంటుంది. కమండలంలో వేసి తెస్తాడు, ఒక్క రాత్రికే కమండలం చాలదు, పెద్ద పాత్రా చాలదు, సరస్సూ చాలదు. మత్స్యావతార కథను సాధారణంగా ప్రళయం, ఓడ, వేదరక్షణల కోసం చెప్పుకుంటారు. ఆ ముందున్న చిన్న ఘట్టంలో రక్షణ గురించిన గంభీరమైన ఆలోచన ఉంది. శత్రువు నుంచి తప్పించడంతో రాజు పని పూర్తి కాలేదు. నది నుంచి తీసిన క్షణం నుంచి ఆ చేపకు చాలినంత నీటిని సమకూర్చడం అతని వంతు అయింది, చేప ప్రతిసారీ ఇది చాలదు అని చెప్పగలిగింది, రాజు ప్రతిసారీ విన్నాడు. గప్పీకి, గోల్డ్ ఫిష్‌కు ఆ మాట లేదు. నీటి పైకి వచ్చి వేసే గుటకలే వాటి మొర. శరణు ఇచ్చినవాడు ఆ మొరను చదవడం నేర్చుకోవాలి. ఏడవ అవతారానికి కోవెల కట్టి కొలిచే భద్రాద్రి తీరంలో మొదటి అవతారపు ఈ ఘట్టాన్ని ఇలా చదవడం అసందర్భం కాబోదు.

ఏ ప్రాణీ తనంతట తాను నిలవదని, ప్రతిదీ ఇతర కారణాల మీద ఆధారపడి పుడుతుందని చెప్పిన నాగార్జునుడి పేరు కృష్ణాతీరపు కొండకు నిలిచి ఉంది. ఈ సందర్భంలో ఆయనను తలచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అన్నీ అన్నిటి మీదా ఆధారపడతాయన్న మాట ఒక్కటే చేపను కాపాడలేదు. ఏది దేని మీద, ఎంత కాలం, ఏ క్రమంలో ఆధారపడుతుందో తెలిసినప్పుడే ఆ దర్శనం చేతికి పనికివస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతు కొత్తగా నింపిన తేటనీటిలో పిల్లలను వదలడు. సున్నం చల్లి, పశువుల ఎరువు వేసి, కంటికి ఆనని ప్లవకాలు పెరిగి నీటికి పచ్చని రంగు వచ్చేదాకా ఆగుతాడు, ఆ తరువాత కూడా పిల్లల సంచిని నీటి మీద కొంతసేపు తేలనిచ్చి వేడి సమానమయ్యాకే మూతి విప్పుతాడు. అమ్మడానికి, తినడానికి పెంచేవాడు చూపే ఈ ఓర్పు ముచ్చటకు పెంచేవాడిలో కనిపించకపోవడం విచిత్రం. ఇంటి తొట్టికి ఆ ఓర్పు ఇలా ఉంటుంది: చేపలు లేకుండానే ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చి అమ్మోనియా పుట్టనివ్వడం, వారానికి రెండుసార్లు కొలవడం, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపించాకే ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టడం. ఆ తరువాత కూడా కరెంటు చాలాసేపు పోతే ఫిల్టర్‌లోని జీవులు ప్రాణవాయువు లేక చనిపోగలవని, అప్పుడు మేత ఆపాలని గుర్తుంచుకోవడం.

చేపలు నీరసిస్తున్నప్పుడో, పోషణ భారమైనప్పుడో, వాటిని గోదావరిలో వదిలితే పుణ్యమన్న ఆలోచన ఘాట్లు దగ్గరగా ఉన్న ఊళ్లలో సహజంగా వస్తుంది. ఇది దయగా కనిపిస్తుంది గానీ, కుందకుందుడి కొలతకు నిలవదు. అద్దం మీది నాచు తినడానికి కొని తెచ్చే దక్షిణ అమెరికా జాతి చేప ఒకటి, ఒంటినిండా గట్టి పలకలు, ముళ్లు గలది, ఇలా తొట్ల నుంచి బయటపడి రెండు తెలుగు రాష్ట్రాల నీటిలోనూ వ్యాపించింది. వలలను చింపుతున్నందుకు జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినటువంటి వరదలో, గట్టున గుంటలో వదిలిన చేప ఎంత దూరం వెళుతుందో ఎవరూ హద్దు గీయలేరు. బొచ్చె, రవ్వ, కొర్రమీను, వాలుగ పట్టి బతికే కుటుంబాలు ఆ నది మీద ఆధారపడి ఉన్నాయి. తొట్టి ఎత్తేయదలచిన ఇల్లు ఆ చేపలను నీరు కుదిరిన మరో తొట్టి ఉన్నవారికో, తిరిగి తీసుకునే దుకాణానికో అప్పగించాలి. అది కుదరకపోతే అవి ఉన్నన్నాళ్లూ తొట్టిని నడపాలి. గోల్డ్ ఫిష్ సరైన నీటిలో పదేళ్లకు పైగా బతుకుతుంది, దాన్ని సంచిలో వేయించుకునే ముందు ఇంట్లో మాట్లాడుకోవలసినది ఆ పదేళ్ల గురించే.